దాగుడుమూతల మిస్సింగు

డాక్టరుగారి గుమ్మం ఎక్కగానే జ్వరం దిగిపోయే రోగిని మీరంతా చూసే ఉంటారు. ఇంటి దగ్గర రాత్రంతా మూలిగినవాడు, అక్కడ థర్మామీటరు పెట్టేసరికి తొంభై ఎనిమిదిన్నర చూపించి మందు వ్రాయించుకోకుండానే తిరిగొస్తాడు. పాత కార్లకు సరిగ్గా ఇటువంటి జబ్బే ఒకటుంది. దారి పొడుగునా ఊపిరి తప్పుతూ, ఎగిరెగిరి పడుతూ వచ్చిన ఇంజను, షెడ్డులో మెకానిక్కు బానెట్టు ఎత్తేసరికి కుట్టుమిషనులా నున్నగా తిరుగుతుంది. దీన్నే మన డ్రైవర్లు మిస్సింగు అంటారు. ఎప్పుడూ ఉండే మిస్సింగును పట్టుకోవడం పెద్ద పని కాదు. వచ్చి పోయే మిస్సింగే మనిషిని ఏడిపిస్తుంది.

ఫిజిక్సు పాఠం చెప్పుకొనేవాడికి కార్ల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ఇండక్షన్ కాయిల్ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద బొమ్మ వేసి, రెండు సమీకరణాలు వ్రాసి, పరీక్షలో పది మార్కులకు వస్తుందని చెప్పి ఊరుకొంటాం. ఆ బొమ్మ ఇప్పటికీ మన ఊళ్లో చక్రాల మీద తిరుగుతూనే ఉంది. అది పాడైనప్పుడు బాగుచేయడానికి కావలసింది ఖరీదైన యంత్రాలు కావు. ఆలోచన ఒక వరసలో సాగితే చాలు. లోపం ఎక్కడుందని వెతకబోయే ముందు అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో కనిపెట్టాలి. నేను చెప్పదలచుకొన్నదల్లా ఇంతే. మిగతాదంతా ఒక ఉదాహరణ.

ముందు కాస్త పూర్వరంగం. బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించే పద్ధతిని చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించాడు. అది 1910 మోడల్ కాడిలాక్ కారులో వచ్చింది. తరవాత డెబ్భై ఏళ్ల పాటు ప్రపంచంలో పెట్రోలు కార్లలో చాలా భాగం దాని మీదనే నడిచాయి. మన అంబాసిడరూ అంతే. 1950ల చివర మొదలై 2014 మే నెలలో ఉత్తరపాడ ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయిన ఈ కారుకు చాలాకాలం ఉన్న 1489 సి.సి. పెట్రోలు ఇంజను, బ్రిటన్ వాళ్ల బి.ఎం.సి. కంపెనీ ‘బి సిరీస్’ ఇంజనుకు మన దేశపు రూపం. ఆరుబయట చెట్టు కింద విప్పి బిగించుకోదగిన ఇంజను అది.

అందులో జరిగేది ఇది. బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటు కాయిలు ప్రైమరీ చుట్ల గుండా పోయి, డిస్ట్రిబ్యూటరులో ఉన్న పాయింట్ల మీదుగా బాడీకి, అంటే ఎర్తుకు చేరుతుంది. పాయింట్లు మూసుకొని ఉన్నంతసేపూ మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు ప్రవహించి కాయిలులో అయస్కాంత క్షేత్రం నిండుతుంది. క్యామ్ తిరిగి పాయింట్లను విడదీయగానే కరెంటు తెగుతుంది. తెగిన చోట మెరుపు లేవకుండా కండెన్సరు కాస్తుంది. క్షేత్రం ఒక్కసారిగా కుప్పకూలుతుంది. అలా కూలడం వల్ల, ప్రైమరీకి ఇంచుమించు వంద రెట్లు చుట్లున్న సెకండరీలో పదిహేను, ఇరవై వేల వోల్టులు పుడతాయి. ఆ కరెంటును రోటరు 1–3–4–2 వరసలో నాలుగు ప్లగ్గులకూ పంచిపెడుతుంది. పాయింట్ల సందు అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు, అనగా 0.38 మి.మీ.; ప్లగ్గు సందు వెయ్యికి ఇరవై అయిదు వంతులు. పోస్టుకార్డు మందంతో పని జరిగిపోతుందనే మెకానిక్కులు ఉన్నారు. ఫీలర్ గేజి ఉన్నవాడికి ఆ పాట్లు అక్కర్లేదు.

ఇప్పుడు చిన్న లెక్క. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనుకు ప్రతి చుట్టుకూ రెండు రవ్వలు కావాలి. అంటే నిమిషానికి ఆరు వేలు, సెకనుకు నూరు. నూటికి తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకొన్న విద్యార్థికి మనం బహుమతి ఇస్తాం. ఇంజను నూటికి ఒక్క రవ్వ తప్పినా సెకనుకొకసారి డ్రైవరు వీపు మీద చరిచినట్టు తెలుస్తుంది.

ఉదాహరణ సంగతికి వస్తాను. పెనుగొండ పక్క పల్లెలో ఒక పెద్దాయన దగ్గర 1984 మోడల్ పెట్రోలు అంబాసిడరు ఉంది. వాళ్ల నాన్నగారు కొన్న కారు. ఊరంతా ఆయన్ని బాబాయిగారనే పిలుస్తారు గనక ఇక్కడా అలాగే వ్రాస్తాను. ఆయన భార్యకు మూత్రపిండాల జబ్బు. వారానికి రెండుసార్లు తెల్లవారుజామునే తణుకు తీసుకెళ్లి డయాలిసిస్ చేయించాలి. ఆమె కాళ్లు మడవలేదు. ఆటోలో కూర్చోలేదు. అంబాసిడరు వెనకసీటు మీద ఒత్తిగిల్లి పడుకొని వెళ్లివస్తుంది. అటువంటి కారు మిస్సింగు మొదలుపెట్టింది. ఒకరోజు జాతీయ రహదారి మీద, వెనక లారీ హారను కొడుతూండగా, నాలుగు సార్లు ఎగిరి దాదాపు ఆగిపోయిందట. 

ఆయన మూడు షెడ్లు తిరిగారు. మొదటి చోట ప్లగ్గులు మార్చారు. రెండో చోట కాయిలూ, పాయింట్లూ, కండెన్సరూ మార్చారు. మూడో చోట కార్బొరేటరు విప్పి జెట్లు ఊది, ఏసీ పంపు కొత్తది వేశారు. పదకొండు వేలు అయింది. ప్రతిసారీ రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలు. దానికితోడు రిజిస్ట్రేషను గడువు దగ్గర పడింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి గదా. “మాస్టారూ, పిల్లలు ఇనపకొట్టుకి తోలెయ్యమంటన్నారండి. మీరోసారి చూసి చెప్పండి. మీరూ కాదంటే తోలేస్తాను” అన్నారాయన.

నేను మెకానిక్కును కాను. అందుచేత స్పానరు ముట్టుకోకుండా ఒక రూళ్ల నోటుబుక్కు ఇచ్చాను. ఫైనలియరు కుర్రాళ్లు ఇద్దరు సరదాగా వస్తామంటే, ఒకణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి గళ్లు గీయించాను. మిస్సింగు వచ్చినప్పుడల్లా వ్రాయవలసినవి: ఏ గేరు, ఎంత వేగం, యాక్సిలరేటరు ఎంత నొక్కి ఉంది, బండి బయలుదేరి ఎంతసేపయింది, వానా ఎండా, దారి పల్లమా ఎత్తా. అంతకంటె ముఖ్యమైన గడి ఇంకోటుంది. ఇవే పరిస్థితుల్లో ఎప్పుడు రాలేదు? ఈ గడి నింపడానికి కుర్రాళ్లు బద్ధకించారు. రానిదాన్ని వ్రాయడం ఏమిటండీ అన్నారు. చివరికి దారి చూపింది ఆ గడే.

మూడు రోజుల్లో ఇరవై పైచిలుకు గుర్తులు పడ్డాయి. అంతకుముందు బాబాయిగారు చెప్పినదాన్ని బట్టి మిస్సింగు వానకు వస్తుంది, లేదా ఇంజను వేడెక్కితే వస్తుంది. నోటుబుక్కులో అలా లేదు. ఎండలోనూ వచ్చింది, చినుకులోనూ వచ్చింది. బయలుదేరిన పది నిమిషాలకూ వచ్చింది, గంటకూ వచ్చింది. ఒక్క పోలిక మాత్రం స్పష్టంగా కనిపించింది. టాప్ గేరులో, సమతలం మీద, యాక్సిలరేటరు మీద కాలు తేలిగ్గా ఆనించి ఒకే వేగంతో పోతున్నప్పుడే మిస్సింగు. నిలబెట్టి ఐడిలింగులో ఉంచితే లేదు. కాలు గట్టిగా నొక్కితే లేదు.

మన డెల్టాలో కొండ అన్నది లేదు. చేతికర్ర జారవిడిస్తే ఎటు దొర్లాలో దానికే తెలియదు. ఎత్తు అంటే కాలవ వంతెనలూ, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి మీద వంతెనా. అందుకని కారును సిద్ధాంతం మీదుగా రావులపాలెం దాకా నడిపించాము. రహదారి మీద ఎగురుతూ వచ్చిన బండి, వంతెన ఎక్కడానికి కాలు నొక్కగానే సర్దుకొన్నది. పైకి చేరి కాలు సడలించగానే మళ్లీ తప్పింది. తిరుగుదారిలోనూ అంతే.

ఇక్కడ ఫిజిక్సు విద్యార్థి చెవులు నిక్కబొడుచుకోవాలి. వాయువులో రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, ఆ వాయువు పీడనం మీదా, సందు దూరం మీదా ఆధారపడుతుందని 1889లో పాషెన్ చూపించాడు. కాలు గట్టిగా నొక్కితే సిలిండరులోకి ఎక్కువ మిశ్రమం పోతుంది, పీడనం పెరుగుతుంది, రవ్వ దూకడం కష్టమవుతుంది. కాబట్టి కాయిలు బలహీనమైనా, ప్లగ్గు సందు పెరిగినా, ప్లగ్గు వైరు ఎక్కడైనా కారుతున్నా, అది బరువు పడ్డప్పుడే బయటపడాలి. వంతెన ఎక్కేటప్పుడే మిస్సింగు ఎక్కువ కావాలి. పెట్రోలు సరిగా అందకపోవడమూ అంతే. పంపు అలసినా, గొట్టంలో నలక అడ్డుపడినా, ఎక్కువ పెట్రోలు అడిగిన చోటే బండి నీరసిస్తుంది. పైగా పెట్రోలు తక్కువైన మిస్సింగు మెత్తగా, గాలి తీసిన బుడగలా ఉంటుంది. కరెంటు తప్పిన మిస్సింగు నెత్తిన మొట్టికాయలా టక్కున తగులుతుంది. ఈ తేడా చెవికి ఒక్కసారి అలవాటైతే మరిచిపోరు.

మన కారు సరిగ్గా దీనికి తలక్రిందులు. బరువు పడితే బాగుంటున్నది. మూడు షెడ్లలో మార్చిన సామాను దాదాపు అంతా ఈ ఒక్క పరిశీలనతో నిర్దోషి అని తేలిపోయింది. ఆ మెకానిక్కుల చేతిపని చెడ్డదని నేను అనను. వాళ్ల దగ్గరకు వచ్చేసరికి జబ్బు కనిపించలేదు. కనిపించని జబ్బుకు అలవాటైన మందు వేశారు.

మిస్సింగు ఒక్క సిలిండరుదా, నాలుగింటిదా అని కూడా తేల్చుకోవాలి. ఒక్కదానిదైతే పొగగొట్టం దగ్గర లెక్కగా ఒకే తాళంలో ‘ఫట్’ మంటుంది. అప్పుడు ఆ సిలిండరు ప్లగ్గు, వైరు, వాల్వు చూడాలి. ఇక్కడ తాళం లేదు. ఒక్కోసారి మూడు నాలుగు రవ్వలు వరసనే పోతున్నాయి. కాబట్టి లోపం నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉండాలి.

తాళం స్విచ్చి దగ్గర వదులుంటే? దానికి పరీక్ష చవక. కాయిలుకు బ్యాటరీ కరెంటు వచ్చే టెర్మినలు నుంచి ఒక తీగ లాగి, 12 వోల్టుల చిన్న బల్బు కట్టి, రెండో కొస ఎర్తుకు కలిపి, బల్బును డ్యాష్‌బోర్డు మీద పెట్టుకొని నడిపించాము. మిస్సింగు వచ్చినప్పుడు బల్బు కన్ను కొడితే లోపం కాయిలుకు ముందు, స్విచ్చిలోనో తీగల్లోనో ఉన్నట్టు. బల్బు నిబ్బరంగా వెలిగింది. ఒక్క తీగతో సర్క్యూటులో సగం భాగాన్ని పక్కకు పెట్టగలిగాము.

ఇహ మిగిలినవి, తేలిక పాదానికి మాత్రమే బయటపడే లోపాలు. నాకు తోచినవి రెండు. 

మొదటిది మిశ్రమం పలచబడటం. దీనికి ఈ రోజుల్లో కొత్త కారణమొకటి చేరింది. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం అమలులోకి వచ్చింది. పూర్తిగా మండటానికి కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి; కిలో ఇథనాలుకు 9 చాలు. ఇరవై శాతం కలిసినదానికి సుమారు 13.5. కొత్త కార్లలో ఈ తేడాను సెన్సారు కనిపెట్టి పెట్రోలు పెంచుతుంది. 1984 నాటి కార్బొరేటరు జెట్టుకు ఆ సంగతి తెలియదు. పాత కొలతే పోస్తుంది. దాంతో మిశ్రమం కాస్త పలచనై, తేలిక పాదం మీద మంట అందుకోక మిస్సింగు రావచ్చు. నిజమా కాదా తేల్చడానికి చోకు ఉండనే ఉంది. మిస్సింగు వస్తున్నప్పుడు చోకు పావు వంతు లాగాము. మిశ్రమం చిక్కబడుతుంది గనక, పలచనే కారణమైతే బండి సర్దుకోవాలి. సర్దుకోలేదు సరిగదా, పొగ వాసన వచ్చింది. ఆ అనుమానం అక్కడితో సరి.

రెండోది వాక్యూం అడ్వాన్సు. దీని గురించి పుస్తకాల్లో నాలుగు ముక్కలు వ్రాసి వదిలేస్తారు. కాలు తేలిగ్గా ఉన్నప్పుడు సిలిండరులోకి పోయే మిశ్రమం కొంచెం, అది మండటం నెమ్మది. అందుచేత రవ్వ కాస్త ముందే పుట్టాలి. ఈ పనికి కార్బొరేటరు నుంచి ఒక సన్నగొట్టం డిస్ట్రిబ్యూటరుకు కట్టిన గుండ్రటి డబ్బీకి పోతుంది. లోపల పొర ఒకటి ఉంటుంది. కాలు తేలిక చేసినప్పుడు శూన్యం పెరిగి పొరను లాగుతుంది, పొర ఒక కడ్డీని లాగుతుంది, కడ్డీ పాయింట్లు బిగించిన పళ్లేన్ని కొన్ని డిగ్రీలు తిప్పుతుంది. ఐడిలింగులో ఆ గొట్టం రంధ్రం మూసుకుపోయి ఉంటుంది, లాగుడు లేదు. కాలు పూర్తిగా నొక్కితే శూన్యమే ఉండదు, అప్పుడూ లాగుడు లేదు. మన నోటుబుక్కులో మిస్సింగు వచ్చిన గళ్లూ, రాని గళ్లూ తీసి ఈ నాలుగు వాక్యాల పక్కన పెట్టండి. గీత గీసినట్టు కలుస్తాయి.

కలిశాయని ఊరుకోకూడదు. పరీక్ష చేయాలి. గొట్టాన్ని కార్బొరేటరు దగ్గర ఊడదీసి, గాలి పీల్చకుండా రంధ్రానికి బిరడా పెట్టి, మళ్లీ సిద్ధాంతం దారి పట్టాము. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క మిస్సింగు లేదు. ఊపు కొంచెం తగ్గింది, అంతే. గొట్టం తగిలించాము. ఊరు దాటకముందే మిస్సింగు. మళ్లీ తీశాము, పోయింది. రోగాన్ని మనం రమ్మన్నప్పుడు రప్పించి, పొమ్మన్నప్పుడు పంపగలిగితే సగం వైద్యం అయినట్టే.

తరవాతి పరీక్ష చూడటానికి మా కుర్రాళ్లతోపాటు వీధిలో పిల్లలు కూడా పోగయ్యారు. కారును నిలబెట్టి, ఐడిలింగులో ఉంచి, డిస్ట్రిబ్యూటరు డబ్బీకి శుభ్రమైన రబ్బరు గొట్టం తగిలించి, ఒక కుర్రాడు నోటితో గాలి పీల్చాడు. పళ్లెం తిరుగుతుంది గనక మామూలుగా ఇంజను కొంచెం వేగం అందుకోవాలి. ఈ ఇంజను దగ్గింది. వదిలితే సర్దుకొంది. పీలిస్తే దగ్గింది. మూడు నెలలుగా షెడ్లలో ముఖం చాటేసిన మిస్సింగు, నిలబడ్డ కారులో, పట్టపగలు, అడిగినప్పుడల్లా వచ్చింది. బాబాయిగారు “ఆయ్, దొరికేసిందండి!” అన్నారు.

డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూస్తే పైకి అంతా నిక్షేపంలా ఉంది. బయటి టెర్మినలు నుంచి పాయింట్లకు జానెడైనా లేని ఒక మెత్తటి తీగ ఉంటుంది. పళ్లెం తిరిగినప్పుడల్లా అదీ వంగాలి. దాన్ని ఊడదీసి రెండు కొసలకూ లాబొరేటరీ మల్టీమీటరు తగిలిస్తే నిరోధం సున్నా. అగ్గిపుల్లతో మెల్లగా ఒక పక్కకు వంచితే సూది ఆ చివరికి, అనంతానికి పోయింది. పై తొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగిపోగులు ఎప్పుడో తెగిపోయి, కొసలు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. పళ్లెం తిరగనంతసేపూ ఆనుకొనే ఉంటాయి. తిరిగితే విడిపోతాయి. కొత్త పాయింట్ల సెట్టులో ఈ తీగ రాలేదు. అందువల్ల పాయింట్లు మార్చిన ప్రతిసారీ పాత తీగనే విప్పి మళ్లీ బిగించారు. విప్పి బిగించినప్పుడు కొసలు కాస్త సర్దుకొని రెండు రోజులు బాగుండేది. “మొన్న చేయిస్తే బాగైందండి” అన్న మాటలోని కిటుకు అదీ.

కొత్త తీగకు ఖర్చు టీ డబ్బులు. అయితే ఏదో ఒక తీగ వేస్తే కుదరదు. ఇంటి వైరింగులో వాడే బిరుసు తీగ వేస్తే నెలరోజుల్లో విరుగుతుంది, పళ్లేన్ని తిరగనివ్వదు కూడా. వెంట్రుకల్లాంటి సన్నపోగులు చాలా ఉన్న మెత్తటి తీగ తీసుకొని, పళ్లెం రెండు వైపులా తిరిగినా బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచి, కొసలకు టంకం పెట్టించాము. క్యామ్‌కు తగలకుండా చూసుకోవాలి. తరవాత పాయింట్ల సందు ఫీలర్ గేజితో సరిచేసి, గొట్టం తగిలించి రావులపాలెం దాకా వెళ్లివచ్చాము.

కథ ఇక్కడితో కంచికి పోలేదు. పది రోజుల తరవాత బాబాయిగారి ఫోను. రహదారి మీద మిస్సింగు లేదు గాని, ముసురు పట్టిన ఉదయాల్లో స్టార్టు చేసినప్పుడు అయిదు నిమిషాలు నత్తినత్తిగా ఉంటోందట. ఇది వేరే లోపం. వానకు వస్తుందని మొదట ఆయన చెప్పింది అబద్ధం కాదన్నమాట. రెండు లోపాలు కలిసి ఉండటం వల్ల ఒకదాని లక్షణం రెండోదానికి అంటుకొని అందరినీ త్రిప్పింది. పాత బండికి ఒకే జబ్బు ఉండాలన్న నియమం ఏమీ లేదు.

దీనికి నోటుబుక్కు అక్కర్లేకపోయింది. అమావాస్య దగ్గర రాత్రి, లైట్లన్నీ ఆర్పి, ఇంజను తిరుగుతూండగా బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత మీద మొక్కలకు నీళ్లు కొట్టే స్ప్రేతో సన్నగా తుంపర కొట్టాము. రెండు టవర్ల మధ్య నీలంగా దారంలాంటి మెరుపు పాకింది. పగలు చూస్తే అక్కడ పెన్సిలుతో గీసినంత సన్నటి నల్లగీత ఉంది. ఒకప్పుడు తడిలో కరెంటు పాకి, బేకలైటును కాల్చి బొగ్గు చేసుకొన్న దారి అది. పొడిగుడ్డతో తుడిస్తే తాత్కాలికంగా పని జరుగుతుంది; బొగ్గు పోదు గనక మర్నాడు మళ్లీ వస్తుంది. మూత మార్చడం తప్ప వేరే మార్గం లేదు. ఈ పరీక్ష చేసేవారు ఇంజను తిరుగుతున్నంతసేపూ ప్లగ్గు వైర్ల జోలికి చెయ్యి పోనివ్వకూడదు. పెట్రోలు వాసన ఏ మాత్రం వచ్చినా అసలు చేయనే కూడదు.

కొత్త కార్లలో ఈ అవస్థలు లేవు. ఇంజను తిరిగే వేగంలో క్షణికంగా వచ్చే తగ్గుదలను కంప్యూటరు లెక్కపెట్టి ఏ సిలిండరు ఎన్నిసార్లు తప్పిందో తనే వ్రాసిపెట్టుకొంటుంది. ఆలోచించి చూస్తే మా కుర్రాళ్లు రూళ్ల నోటుబుక్కులో చేసిన పనే అది.

పాత సామాను సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఈ కార్లకు కొత్తగా అమ్ముతున్న కండెన్సర్లలో నాసిరకం ఎక్కువగా వస్తున్నాయి. అందుచేత పని చేస్తున్న పాత కండెన్సరును కొత్తది వచ్చింది గదా అని పారేయవద్దు. బాబాయిగారికి రెండో షెడ్డులో విప్పి చేతికిచ్చిన పాతదాన్ని మేము కొలిచి చూస్తే 0.2 మైక్రోఫారడ్, ఉండవలసినంతా ఉంది. మూతకు మాత్రం తిరగవలసి వచ్చింది. విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్టులో దొరికింది. డయాలిసిస్ లేని రోజు చూసుకొని వెళ్లి తెచ్చారు. రిజిస్ట్రేషను కూడా మరో అయిదేళ్లకు చేయించుకొన్నారు.